ఒకరి బాకీ ఇంకొకరికి కనిపిస్తోంది!

ప్రశ్న: సార్, గాజువాకలో మాది క్యారేజీల వ్యాపారం, స్టీల్ ప్లాంటు షిఫ్టులకి వెళ్లేవాళ్లే ఎక్కువ. వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టుకున్నాం, లాగిన్ అయితే నెల బాకీ కనిపిస్తుంది. స్లోగా ఉందని, పేజీల కాపీలు దాచి త్వరగా చూపించే క్యాష్ ప్లగిన్ (cache) వేసి, లాగిన్ అయినవాళ్లకి కూడా ఆన్ చేశాను. నిన్న ఒకాయన ఫోన్ చేసి "ఎవరిదో బాకీ నా పేరు మీద చూపిస్తోందేంటి" అని ఒకటే గొడవ. ఆపేస్తే మళ్లీ స్లో. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ క్యాష్ మొత్తం ఖాళీ చేసి, లాగిన్ అయినవాళ్లకి ఆపేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. మొదట పేజీ తెరిచినాయన బాకీతో సహా ఆ కాపీని దాచేసి, మీ ప్లగిన్ అందరికీ అదే పంచుతోంది. కాంప్లెక్సులో బస్సు టైముల బోర్డు అందరికీ ఒకటే, టికెట్టు మాత్రం ఎవరిది వాళ్లదే కదా.

మెనూ, రేట్లు బోర్డు లాంటివి, హాయిగా క్యాష్ చేసుకోండి. పేరు, బాకీ ఉండే చోట ఖాళీ వదిలేసి, పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్‌తో అడ్మిన్-ఎజాక్స్ ఫైలుకి (పేజీ మళ్లీ లోడ్ అవ్వకుండా వచ్చే రిక్వెస్టులకి వర్డ్‌ప్రెస్‌లో జవాబిచ్చే admin-ajax.php) ఒక రిక్వెస్ట్ పంపి తెప్పించండి. లాగిన్ కుకీని, అంటే లాగిన్ అయినప్పుడు సైట్ బ్రౌజర్‌లో దాచే గుర్తుని, బ్రౌజరే వెంట పంపుతుంది కాబట్టి అడిగిందెవరో సర్వర్‌కి తెలిసిపోతుంది. బాకీ తెచ్చే మీ ఫంక్షన్‌ని "డబ్ల్యూపీ_ఎజాక్స్_" (wp_ajax_) పక్కన, రిక్వెస్ట్‌లో పంపే యాక్షన్ పేరు చేర్చిన హుక్‌కి (వర్డ్‌ప్రెస్ మన కోడ్‌ని పిలిచే చోటు) తగిలించాలి, అది లాగిన్ అయినవాళ్లకే పనిచేస్తుంది. (జవాబుగా ఉత్త 0 వస్తే హుక్ పేరు తప్పు రాశారేమో, లాగిన్ పోయిందేమో చూడండి. నేనూ ఒక సాయంత్రమంతా ఆ సున్నా వంక చూస్తూ కూర్చున్నవాణ్ణే.)

కస్టమర్ నంబరు పేజీలోంచి పంపించి, దాన్నిబట్టి బాకీ చూపించే పని మాత్రం పొరపాటున కూడా పెట్టుకోకండి, ఆ నంబరు మార్చి పక్కవాళ్ల లెక్క చూడటం ఎవరికైనా రెండు నిమిషాల పని. అడిగిందెవరన్నది సర్వర్‌లోనే తేలాలి.

"రేపు క్యారేజీ వద్దు" లాంటి బటన్ ఉంటే దానికి నాన్స్ (నొక్కింది నిజంగా ఆ యూజరేనని సరిచూసే రహస్య కోడ్, nonce) కావాలి. అది ఒక్కో యూజర్‌కి ఒక్కోటి, పైగా మామూలుగా 24 గంటలకి మించి చెల్లదు, క్యాష్ అయ్యే పేజీలో రాసేశారంటే బటన్ నొక్కినా పని జరగదు. బాకీ తెచ్చే జవాబులోనే దాన్నీ కలిపి పంపండి. పేరుకొకటి, బాకీకొకటి అని విడివిడిగా రిక్వెస్టులు పెట్టొద్దు, ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ మొత్తం లోడ్ అవ్వాలి, ఇక క్యాష్ పెట్టి లాభమేంటి?

ఇదంతా అయ్యాక క్యాష్ మళ్లీ ఆన్ చేసి, రెండు ఫోన్లలో రెండు అకౌంట్లతో తెరిచి చూసుకోండి. అప్పుడు ఆ ఫోన్ చేసినాయన్ని ఇంకోసారి లాగిన్ అవ్వమనండి.