గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసిన మాస్టారికి

బొబ్బిలి దగ్గర పల్లెలో, హైస్కూల్లో సైన్సు చెప్పే 44 ఏళ్ళ మాస్టారు రాశారు. పన్నెండేళ్ళ తాగుడు. కిందటి నెల ఆసుపత్రిలో చేరి మానేశారు, ఇవాళ్టికి 26 రోజులు. అక్కడి డాక్టరు ఏఏ మీటింగులకు వెళ్ళమన్నారట (ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం). విజయనగరంలో మీటింగు ఎక్కడో కనుక్కుని గేటు దాకా వెళ్ళి, లోపల తన దగ్గర చదివే పిల్లాడి తండ్రి బండి కనబడేసరికి బస్సెక్కి ఇంటికొచ్చేశారు. "రేపు క్లాసులో మొహం ఎలా చూపించను? నా అంతట నేను ఉండలేనా?" అని అడుగుతున్నారు.

మాస్టారూ, ముందు ఆ బండి సంగతి చూద్దాం. ఆ తండ్రి సాయంత్రం పూట ఆ గదిలో ఎందుకున్నట్టు? మీలాంటి కష్టంతోనే వచ్చి ఉంటారు కదా. మిమ్మల్ని గేటు దగ్గర చూసి ఉంటే ఆయనకీ మీ అంత గుబులే. అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావడం ఆ గది మర్యాద. ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు, హాజరు పట్టీ ఉండదు. ఇంకో మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీరు తాగేవారని ఊరికి తెలియదనుకుంటున్నారా? పన్నెండేళ్ళుగా మీ టేబుల్ దగ్గరికి నోట్సు దిద్దించుకోడానికి వచ్చిన పిల్లలకి ఆ వాసన తెలుసు. ఊరికి ఇంకా తెలియనిది మీరు మానేశారన్నదే.

మీ అంతట మీరు ఉండగలరా అంటే, కొందరు ఉంటారు. కానీ మీ ఉత్తరంలోనే ఉంది, ఇదివరకు రెండుసార్లు మానేసి, రెండుసార్లూ జీతం పడిన రోజునే మళ్ళీ మొదలుపెట్టానని. ఏఏ ఎలా పుట్టిందో వినండి. 1935లో బిల్ విల్సన్ అనే అమెరికా షేర్ల వ్యాపారి అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. పనిమీద ఏక్రన్ అనే ఊరెళ్ళాడు, ఆ పని కాస్తా చెడింది, హోటల్లో ఒంటరిగా నిలబడి ఉంటే పక్కనే బార్ కనబడుతోంది. అప్పుడాయన చేసింది ఏమిటంటే, ఆ ఊళ్ళో తనలాగే తాగుడుతో బాధపడే ఇంకో మనిషి ఎవరైనా ఉన్నారా అని ఫోన్లు చేయడం. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే మొదటి మీటింగు అనుకోండి. మీరు గేటు దగ్గర వదిలేసి వచ్చింది అదే, మీలాంటి ఇంకో మనిషిని. సైన్సు మాస్టారు కాబట్టి ఇదీ చెప్తాను, 2020లో వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కొక్రేన్ సంస్థ వాళ్ళు 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మందిని కలిపి పరిశీలించారు. ఏఏ దారిలోకి పద్ధతిగా నడిపించిన వాళ్ళలో, మిగతా చికిత్సల కంటే ఎక్కువమంది పూర్తిగా మానేసి ఉండగలిగారని తేలింది.

లోపల భయపడాల్సిందేమీ లేదు. గంట, గంటన్నర ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డుపడరు. "ఈరోజుకి వింటానండీ" అంటే చాలు. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. చివర్లో ఖర్చులకి చందా సంచి తిప్పితే మొదటిసారి వచ్చినవాళ్ళు వేయక్కర్లేదు. గది చర్చిలో ఉన్నా, బడిలో ఉన్నా ఆ మతంతో సంబంధం లేదు, దేవుడంటే ఎవరికి అర్థమైన దేవుడు వారికి. ఒక్కసారికి నచ్చలేదని వదిలేయకండి, నాలుగైదుసార్లు వెళ్ళి చూడండి, వేరే గ్రూపు ఉంటే అదీ చూడండి. వచ్చేటప్పుడు ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒకటో తారీఖు సాయంత్రం, పైడితల్లమ్మ సంబరం రోజు, కనుమ రోజు ఆ నంబర్లకి ఫోన్ చేయాలి. తాగాక కాదు, తాగబుద్ధైనప్పుడే.

బొబ్బిలి నుంచి విజయనగరం ప్రతిసారీ కుదరదు, తెలుసు. ఫోన్లో చేరే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, తెలుగులో ఏ రోజు ఉంటాయో ఆ గ్రూపు వాళ్ళనే అడగండి. మత్తు మాన్పించే టోల్‌ఫ్రీ నంబరు 14446, మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ 14416, ఇందులో తెలుగులో మాట్లాడతారు.

ఒకవేళ జారి నాలుగు రోజులు వరసగా తాగితే మాత్రం ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయకండి. వణుకుతో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు, లేనివి కనబడొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరికే వెళ్ళండి. మీ బావమరిది తెచ్చి ఇస్తానన్న "తెలియకుండా మజ్జిగలో కలిపే మందు" ఇంటికి రానివ్వొద్దు. అలాంటివాటిలో కొన్ని ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ప్రమాదం. డాక్టరు చెప్పి, మీరు ఒప్పుకుని వేసుకునే మాత్ర వేరు.

మీ ఆవిడ రోజూ జేబులు వెతుకుతోందని బాధపడ్డారు. పన్నెండేళ్ళు భయపడిన మనిషి 26 రోజుల్లో ఎలా నమ్ముతుంది మాస్టారూ? ఆవిడకీ చోటు ఉంది. బిల్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టిన అల్-అనాన్ ఇంట్లోవాళ్ళ కోసమే. ఏఏలో బయటివాళ్ళు రాగల ఓపెన్ మీటింగు ఏ రోజో అడిగి ఒకసారి ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళండి.

ఈ వారం మళ్ళీ బస్సెక్కండి. పది నిమిషాలు ముందే వెళ్ళి, గేటు దగ్గర ఆలోచిస్తూ ఆగకుండా లోపలికి నడవండి, ఎవరో ఒకరు కుర్చీలు సర్దుతుంటారు, మీరూ ఒక చెయ్యి వేయండి. ఆ తండ్రి వస్తే నమస్కారం పెట్టి పక్క కుర్చీలో కూర్చోండి.