ఐటీ టవర్‌లో బయోమెడికల్ ల్యాబ్ పెడితే సరిపోదా?

లండన్‌లోని బయోమెడికల్ పరిశోధన సంస్థ ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌కి అంత భవనం దేనికి, ఖాళీగా ఉన్న ఐటీ టవర్‌లో నాలుగు అంతస్తులు తీసుకుంటే చాలదా అని కదా ప్రశ్న. కణాలు పెంచే ఒక్క కల్చర్ రూమే అయితే చాలు. ఎలుకలు, వైరస్‌లు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అన్నీ ఒకే కప్పు కింద కావాలంటే చాలదు.

అసలు తంటా గాలితో. ఆఫీసు ఏసీ లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. వైరస్‌లు, రసాయనాలు వాడే ల్యాబులో వాడిన గాలిని పూర్తిగా బయటికి తోసెయ్యాలి. గంటకు 6 నుంచి 12 సార్లు గదిలో గాలంతా మారాలి. వైరస్ గదిలోకి పంపే గాలి కన్నా లాగే గాలి ఎక్కువుండాలి, అప్పుడే తలుపు తీసినా గాలి కారిడార్ నుంచి లోపలికే వస్తుంది. ఇన్ని డక్టులు ఆఫీసు ఫాల్స్ సీలింగులో ఎక్కడ పడతాయి? కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ల్యాబ్ అంతస్తుల మధ్య పైపులకూ డక్టులకూ విడిగా 9 అడుగుల అంతస్తులు వేశాడు. వాల్వు పాడైతే ప్లంబర్ అక్కడికెళ్లి బాగుచేస్తాడు, ల్యాబులో ప్రయోగం ఆగదు. ఫొటోలు మాత్రం అందరూ సాల్క్ భవనాల మధ్య ఉన్న ప్రాంగణానివే పెడతారు!

2016లో తెరిచిన క్రిక్‌లో దాదాపు మూడో వంతు నేల కిందే ఉంది. పక్కనే సెయింట్ ప్యాంక్రస్ స్టేషన్, కాబట్టి అదురుకి తట్టుకోలేని పరికరాలకు ప్రత్యేక ఏర్పాటు తప్పదు. పైన వంపు తిరిగిన కప్పు చాటున ఏసీ యంత్రాలు. వేర్వేరు రంగాల వాళ్లు కలవాలని ల్యాబులు తెరిచి కట్టారు, రాసుకునే బల్లల దగ్గర గోల అని తర్వాత ఫిర్యాదులూ వచ్చాయి. కలిసే చోటు, రాసుకునే చోటు ఒకటే చేస్తే అంతే మరి.

ఆఫీసుని ల్యాబుగా మార్చినచోట ఎక్కువగా కనబడే తప్పు బయోసేఫ్టీ క్యాబినెట్‌ని (కణాలు, వైరస్‌లతో పని చేసేందుకు గాలి వడకట్టే పెట్టె) ఏసీ గాలి వదిలే డిఫ్యూజర్ కిందో, తలుపు పక్కనో పెట్టడం. దాని ముందు గాలితెర వేగం సెకనుకు అర మీటరే. తలుపు విసురుగా తీస్తే తెగిపోతుంది. కల్చర్‌లో ఫంగస్ వస్తే మీడియాని, అంటే కణాలు పెరిగే పోషక ద్రవాన్ని తిడతారు, యాంటీబయాటిక్ మారుస్తారు. సన్నగా పొగ వదిలే స్మోక్ ట్యూబ్ క్యాబినెట్ నోటి దగ్గర పట్టి చూడండి: పొగ నేరుగా ముందు జాలీలోకి దిగాలి. బయటికి ఊగిందంటే ముందు క్యాబినెట్‌ని జరపండి.

టవర్ ఓనర్‌తో అద్దె మాట్లాడే ముందు, వాడిన గాలి పోవడానికి డాబా దాకా ఎగ్జాస్ట్ షాఫ్ట్ ఇస్తాడా, డాబా పైన ఇంకో 10 అడుగుల గొట్టం లేపనిస్తాడా, శాంపిళ్లు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లకు జనరేటర్ లైన్ ఉందా అడగండి. బయటికి తోసిన గాలే మళ్లీ లోపలికి రాకూడదు కాబట్టి, తాజా గాలి లాగేచోటు ఆ గొట్టానికి ఎంత దూరమో టేపు పెట్టి కొలవండి.