తాత జనతా వాచీకి 900 పెట్టొచ్చా అంటే

హెచ్ఎంటీ జనతా, తాతది, పదేండ్లుగా బీరువాలో పడుంది, రిపేరాయన 900 అడుగుతాండాడు, ఆన్‌లైన్‌లో అదే వాచీ 1500కి వస్తాంది, ఏం చేయాలి అని కదా నీ ప్రశ్న. నేను ఇట్లాంటి పని రెండు సార్లు చేయించినా, ఒకటి బాగైంది, ఒకటి నా చేతులారా చెడగొట్టుకున్నా.

మా నాయనదీ జనతానే, 17 జువెల్స్ (లోపల చక్రాలు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు), రోజూ కీ ఇచ్చేది. అది నిలబడిపోయినప్పట్నుంచి ఇంట్లో అందరూ మా అన్ననే తిడుతుండిరి, కీ ఎక్కువ తిప్పి చెడగొట్టినాడని. ఎనిమిదేండ్ల తర్వాత అనంతపురం క్లాక్ టవర్ కాడ ఒక చిన్న బంకులో ఇస్తే ఆ పెద్దాయన కంటికి లెన్సు పెట్టుకోని మూత తీసి చూసి, ఏం పోలేదప్పా, కీ నిండుగా ఉండాది, ఆయిల్ ఎండిపోయి దుమ్ముతో గడ్డకట్టింది అంతే, కీ ఎక్కువైతే వాచీ చెడిపోదు అన్నాడు. పాపం మా అన్న ఎనిమిదేండ్లు ఊరికే పడినాడు. మొత్తం విప్పి కడిగి ఆయిల్ వేసినందుకు 600 తీసుకున్యాడు, ఇప్పటికీ తిరుగుతాంది.

కాబట్టి నువ్వు ముందు మెల్లగా కీ ఇచ్చి చూడు. బిగుసుకోని ఆగిపోతే మాదాని మాదిరే అయ్యుండొచ్చు, సర్వీసుతో పోతుంది. ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతానే ఉంటే స్ప్రింగు తెగిందనుకో, అదీ పెద్ద ఖర్చు కాదు. భయపడాల్సింది తుప్పుకే, నీళ్ళు పోయి లోపలి చక్రాలు ఎర్రబడింటే మాత్రం 900 కాదు కదా 300 కూడా పెట్టొద్దు, అట్లే దాచుకో. సామాన్ల గురించి బెంగ పడాకు, 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో మన పక్కన బెంగుళూరులో మొదలైన కంపెనీ, 2016లో మూసేయాలని తీర్మానం చేసినా, లెక్కలేనన్ని వాచీలు అమ్మింటారు కాబట్టి రిపేరోళ్ళు చెడిపోయిన వాచీల్లోంచి పీకి దీనికి వేస్తారు. పాత ఫారిన్ వాచీకైతే ఈ సుఖం లేదు.

ఇంగ రెండోది మా మామది, డయల్ మీద హిందీలో జనతా అని రాసిండేది, పసుపు పట్టిపోయింది. నేను తెలివి లేక ఒక అంగట్లో (పేరెందుకులే) కొత్తదాని మాదిరి చేసియ్యి అన్నా. వాడు డయల్ మార్చి, ముల్లులు మార్చి, కీ గుండీ కూడా మార్చి తళతళలాడేటట్టు ఇచ్చినాడు. మా అత్త చేతిలోకి తీసుకోని ఒక నిమిషం చూసి, ఇది ఎవరిది నాయనా అనింది. పాత డయల్ ఇయ్యమని మళ్ళీ పోతే పారేసినామన్నారు. నువ్వు చెప్పే ఆ 1500 వాటిల్లో కూడా శానా మటుకు ఇట్లా రంగేసిన డయల్, నాలుగు వాచీల సామాన్లు కలిపినవే, దానికీ మీ తాతదానికీ పోలిక పెట్టాకు.

900కి పూర్తిగా విప్పి కడుగుతాడా, ఊరికే పైన ఆయిల్ చుక్క వేస్తాడా అడుగు. కడిగేటట్టైతే ఇచ్చేయ్, డయల్ ముట్టుకోవద్దని మాత్రం రెండు సార్లు చెప్పు, మార్చిన సామాను ఏదైనా సరే తిరిగి ఇయ్యమను. సెల్ ఫోన్ మాదిరి కరెక్ట్ టైమ్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, నాది రోజుకు నలభై సెకన్లు ముందు పోతాంది, పొద్దున్నే కీ ఇచ్చేటప్పుడు సరి చేసుకుంటా. మూత తీసినప్పుడు ఒక ఫోటో కొట్టి ఈడ పెట్టు, తుప్పుందేమో చూస్తా.