షియాన్‌లో మహా మసీదు దొరకకపోవడానికి కారణం

చైనాలోని షియాన్ నగరంలో ఫోను పటం చూస్తూ మహా మసీదుకు బయలుదేరితే, మీరున్న చోటే తప్పుగా కనిపించవచ్చు. మీ ఫోను బాగానే ఉంది, తేడా పటంలో ఉంది. చైనాలో వీధి పటాలను జీసీజే-02 అనే సొంత పద్ధతిలో గీస్తారు. ఫోను జీపీఎస్ చదివేది ప్రపంచమంతటా వాడే డబ్ల్యూజీఎస్-84 పద్ధతిలో. రెండింటి మధ్య తేడా వందల మీటర్లు ఉంటుంది. మసీదు దగ్గరి ఢంకా గోపురం ముందు నిలబడినా, పటంలో మీరు పక్క వీధిలో కనిపించేది అందుకే.

1. చైనా పటాల యాప్ అయిన ఏమ్యాప్ ఫోనులో పెట్టుకోండి. ఆంగ్లంలోనూ వస్తుంది.

2. చాలామంది తప్పేది ఇక్కడే: ఇంతకుముందు వాడిన పటాల యాప్‌లో గుర్తుపెట్టుకున్న అక్షాంశ రేఖాంశాలను తెచ్చి ఇందులో వేస్తారు. అప్పుడు తప్పు కూడా వెంట వస్తుంది! అంకెలు వద్దు. ప్రతి చోటి పేరునూ చైనా లిపిలో ముందే రాసిపెట్టుకుని, దాన్నే అతికించి వెతకండి. ఆ చీటీ టాక్సీవారికి చూపడానికీ పనికొస్తుంది.

3. మెట్రో 2వ లైనులో ఝోంగ్‌లౌ (గంట గోపురం) స్టేషన్‌లో దిగండి. వాయవ్యంగా కాస్త నడిస్తే 1380లో కట్టిన ఢంకా గోపురం. దాని కమాను కింద నుంచి ఉత్తరానికి దాటి, ఎడమవైపు, మసీదున్న హువాజ్యూ సందులోకి తిరగండి. జ్ఞాపికల దుకాణాలతో ఇరుకుగా ఉంటుంది, దారి తప్పామనుకోకండి.

పటం సరిగ్గా చూపినా ఒక చిక్కుంది. గుమ్మటం కోసం వెతికితే మసీదు ఎదురుగా ఉన్నా దాటిపోతారు. ఇక్కడ ఉన్నవి చైనా పద్ధతి వాలు కప్పులు, వరుస ముంగిళ్లు. మీనారు కూడా ఎనిమిది పలకల మంటపంలా ఉంటుంది. ప్రార్థన మందిరంలోకి మాత్రం ముస్లిమేతరులను అనుమతించరు.