ఒక్క పువ్వు గీసి పంపు, కోడలా

కోడలా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది, నువ్వు కోడ్ రాసి బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నావట. మన నేతన్నల ఊరు పుట్టపాకలో గ్రాఫ్ కాగితం మీద చీరల డిజైన్లు గీసిన మనిషి మనవరాలివి కదా, భలే సంతోషమేసింది. ఆ తర్వాత మాటకే నిద్ర పట్టలేదు. యాభై వేల కోర్సు, ఈఎంఐ మీద లాప్‌టాప్! రెండూ ఆపు ముందు.

కోడ్‌తో బొమ్మలు గీయడానికి పీ5.జెఎస్ అని ఒకటుంది, దాని వెబ్ ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పైసా అక్కర్లేదు, మీ అన్న పాత లాప్‌టాప్ చాలు. డేనియల్ షిఫ్‌మన్ 'కోడింగ్ ట్రైన్' వీడియోలు యూట్యూబ్‌లో ఊరికే ఉన్నాయి. పాత వీడియోలో ఫైళ్లను ముందే తెచ్చిపెట్టే 'ప్రీలోడ్' అని ఉండి నీకు ఎర్రర్ వస్తే టెన్షన్ పడకు, పీ5 2.0 వెర్షన్‌లో దాన్ని తీసేశారు, ఎడిటర్‌లో 1తో మొదలయ్యే వెర్షన్ పెట్టుకో. షేడర్లని గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే కష్టమైన కోడ్ ఉంటుంది, దాని జోలికి ఇప్పుడే పోకు.

నా సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. 1999లో యానిమేషన్ నేర్చుకుంటానని మీ అమ్మమ్మ గుండ్లపేరు కుదువ పెట్టించి అమీర్‌పేట పోయాను. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సంచెడు సీడీలిచ్చారు, అవి చాలవన్నట్టు కోఠి ఫుట్‌పాత్ మీద ఇంకా కొన్నాను, ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదని రూమ్‌లో అర్ధరాత్రి దాకా కొట్లాడేవాళ్లం, అన్నీ దొరికాక మొదలుపెడదామని నా ఆలోచన. దసరాకు ఇంటికొస్తే మీ తాత చిటికి కట్టడానికి, అదే, రంగు అంటకుండా నూలును బిగించడానికి, సైకిల్ ట్యూబ్ ముక్కలు కోస్తూ, "మన పువ్వు ఒకటి గీసినవారా కంప్యూటర్ల?" అన్నాడు. ఆ పువ్వుకి ఎన్ని గళ్లు పడతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని, కానీ ఆర్నెల్లలో ఒక్కసారి కూడా గీసి చూడలేదు. ఏం చెప్పాలో తోచక ఒక సీడీ తీసి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పాడు, అందులో తన మొహం చూసుకున్నాడు, తిరిగిచ్చేసి కత్తెర అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. గుండ్లపేరు విడిపించడానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ అమ్మ ఏ పెళ్లికీ పోలేదు, అడిగితే కాళ్ల నొప్పులనేది.

నువ్వు దాచుకున్న నలభై లింకుల స్క్రీన్‌షాట్ అక్క పంపింది. నా సీడీల సంచే అది! ముప్పై ఏడు తీసెయ్. ఎడిటర్, ఆ వీడియోలు, అందరూ కోడ్‌తో గీసిన బొమ్మలు పెట్టే ఓపెన్‌ప్రాసెసింగ్ సైటు ఉంచు. ఓపెన్‌ప్రాసెసింగ్‌లో ఎవరి బొమ్మైనా తెరిచి, కోడ్‌లో ఒక్క అంకె మార్చి ఏమవుతుందో చూడు. ఊరికే చూసుకుంటూ కూర్చోకు.

మొదట మన మగ్గాల మీద నేసే తేలియా రుమాల్ బట్టలోని పువ్వు గీయి, ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. కోడిగుడ్డు ఆకారం గీసే ఎలిప్స్‌తో ఒక రేకు, రొటేట్‌తో తిప్పుతూ ఎనిమిది. అది వచ్చాక ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌తో గళ్లనిండా పరుచు. అంచులకు ఏదో ఒక అంకె ఇచ్చే రాండమ్ కొంచెం కలిపితే చిటికిలో రంగు పాకినట్టు మసకగా వస్తుంది, అది చూస్తే నువ్వే ఎగిరి గంతేస్తావు. తప్పులకు భయపడకు తల్లీ, మాకు చిటికి తప్పు కడితే మగ్గం ఎక్కించాక గానీ తెలిసేది కాదు, నీకు ప్లే నొక్కగానే తెలుస్తుంది.

ఆదివారంలోపు వాట్సాప్‌లో పంపు, వంకరగా ఉన్నా సరే, అమ్మమ్మకు చూపిస్తాను. పది బొమ్మలయ్యాక లాప్‌టాప్ సంగతి నేను చూసుకుంటాను. అక్కకు చెప్పకు.

మీ మామ