తెల్లటి రాజపాళయం తీసుకోవాలా, మచ్చ ఉన్నదా?

ఒకే ఈతలో రెండు రాజపాళయం కుక్కపిల్లల్ని చూశామన్నారు. ఒకటి పాలలా తెల్లగా ఉంది, రెండోదానికి చెవి మీద గోధుమరంగు మచ్చ ఉంది. మచ్చ ఉన్నదాన్ని బ్రీడర్ సగం ధరకే ఇస్తానంటున్నాడు, కానీ షోలకి పనికిరాదని చెప్పాడు. ఏది తీసుకోవాలన్నదే కదా మీ ప్రశ్న? చెవులు బాగా వినపడుతున్నాయని తేలితే మచ్చ ఉన్నదాన్నే తెచ్చుకోండి.

మేం మల్కాజ్‌గిరిలో ఉంటాం. ఆరేళ్ల కిందట ఒక్క మచ్చ కూడా లేని పిల్లని, ముక్కు కూడా గులాబీ రంగులో ఉందని మురిసిపోయి, ఎక్కువ డబ్బులిచ్చి తెచ్చుకున్నాం. ముత్యం అని పేరు పెట్టాం. పిలిస్తే వచ్చేది కాదు. ఇంకా పేరు అలవాటు కాలేదులే అనుకున్నాం. ఒకరోజు గ్యాస్ గట్టు మీద స్టీలు డబ్బా మూత జారిపడి గిరగిరా తిరిగింది. అందరం ఉలిక్కిపడ్డాం. రెండడుగుల దూరంలో పడుకున్న ముత్యం చెవి కూడా కదల్లేదు. రెండు చెవులూ పుట్టుకతోనే పోయాయని, మందు లేదని డాక్టర్ గారు చెప్పారు. మేం పెట్టిన పేరు అది ఈరోజు వరకు వినలేదు.

కారణం కూడా ఆయనే చెప్పారు. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడ ఒక పొర సరిగ్గా పనిచేయాలంటే అవే ఆధారం. తెల్లమచ్చల జన్యువు బలంగా ఉన్న కుక్కల్లో ఆ కణాలు చెవి దాకా చేరకపోవచ్చు. అప్పుడు పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ పొర ఎండిపోతుంది, దానితోపాటు వినికిడి కణాలు చచ్చిపోతాయి. అంటే పిల్ల మనింటికి వచ్చేసరికే అంతా అయిపోయి ఉంటుంది. తెల్లకుక్కలన్నిటికీ ఈ బాధ లేదు. మన వీధుల్లో కనిపించే స్పిట్జ్‌కి తెలుపు వేరే జన్యువుల వల్ల వస్తుంది. దాని ముక్కు, కళ్లు నల్లగానే ఉంటాయి చూడండి.

తెల్లటి ఒంటి మీద చుక్కలుండే డాల్మేషియన్ కుక్కల విషయంలో ఈ గొడవ ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో పరీక్షించిన వాటిలో దాదాపు 30 శాతానికి ఒక చెవో, రెండు చెవులో వినపడవని తేలింది. పుట్టుకతో పెద్ద నల్లమచ్చ ఉన్న పిల్లల్లో చెవుడు తక్కువ. కానీ అమెరికన్ కెన్నెల్ క్లబ్ పెట్టిన జాతి ప్రమాణాల (స్టాండర్డ్) ప్రకారం ఆ మచ్చ ఉంటే షోలో అనర్హతే! మచ్చల్ని ఒప్పుకుంటే చుక్కల అందం పోతుంది, అప్పుడది డాల్మేషియనే కాదు అంటారు కొందరు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ వినగలిగే పిల్లల్ని పక్కన పెట్టి, చెవిటివి పుట్టే అవకాశం ఎక్కువ ఉన్నవాటికే జత కట్టించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

రాజపాళయం విషయంలో మరీ బాధ. 2005లో తపాలా శాఖ స్టాంపు మీదకెక్కిన మన దేశపు కుక్క అది. అసలే మంచి రక్తం తక్కువగా మిగిలింది. తెలుపు మోజులో మచ్చ పిల్లల్ని తీసేస్తూ పోతే జత కట్టించడానికి మిగిలేవి ఇంకా తగ్గిపోతాయి. మచ్చ ఉంటే మిక్స్ అని ఎవరైనా అంటే నమ్మకండి. అసలు రాజపాళయంలో కూడా రంగు పిల్లలు పుడతాయి.

ముత్యంతో బతకడం కష్టమని నేననను. చేతి సైగలన్నీ నేర్చుకుంది. రాత్రి మేడ మీద ఉంటే టార్చ్ రెండుసార్లు వెలిగిస్తే దిగి వస్తుంది. పడుకునేటప్పుడు మాత్రం గడ్డం నా పాదం మీద ఆనించి పడుకుంటుంది. నేను లేస్తే తెలియాలి కదా, పాపం. కానీ గేటు ఎవరు తెరిచినా ఇంట్లో అందరికీ టెన్షనే. ఒకసారి నీళ్ల ట్యాంకర్ రివర్స్‌లో వస్తుంటే సందు మధ్యలో హాయిగా పడుకుని ఉంది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి లాక్కొచ్చాను.

మీరు పిల్లల్ని చూడటానికి వెళ్లినప్పుడు ఒక్కోదాన్ని విడిగా గదిలో ఉంచమనండి. కలిసి ఉంటే చెవిటిది కూడా మిగతావాటిని చూసి తల తిప్పుతుంది. చప్పట్లు కొట్టొద్దు, గాలి తగులుతుంది. కాలు నేలకేసి కొట్టొద్దు, అదురు తెలుస్తుంది. నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి తాళాల గుత్తి ఆడించండి. ఒక చెవే పోయి ఉంటే ఇలా బయటపడదు. దానికి బేర్ టెస్ట్ ఉంది. తల మీద చిన్న సూదులు పెట్టి, ఒక్కో చెవిలో టిక్ టిక్ శబ్దం వినిపించి, మెదడు స్పందన చూస్తారు. ఐదారు వారాల వయసు నుంచి చేయొచ్చు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు కాబట్టి మీకు సమయం ఉంది. బ్రీడర్ తొందరపెడితే వదిలేయండి.

తల్లి వెనక కూడా ఆ తాళాల గుత్తి ఒకసారి ఆడించండి. తండ్రి ఎక్కడుందో అడిగి, వీలైతే దాన్నీ చూసి రండి.