పాస్‌పోర్టు లేకుండా ఫ్రెండ్‌తో ఖాట్మండు

అక్కా, మీ స్నేహితురాలికి పాస్‌పోర్టు ఇంకా రాలేదు, టికెట్లేమో కొనేశారు, ఆధార్‌తో నేపాల్‌కి పంపుతారా అని అడిగారు కదా. ఆధార్ చూపిస్తే విమానం ఎక్కనివ్వరు. ఓటర్ కార్డు ఉంటే చాలు. భారతీయులకు అక్కడ వీసా అక్కర్లేదు. అయితే ఫోన్‌లో ఫోటో కాదు, అసలు కార్డే చేతిలో ఉండాలి. మా వాడు పర్సులో ఆధార్ ఒక్కటే పెట్టుకుని చెన్నై దాకా వచ్చాడు. కౌంటర్ దగ్గర వాడి ముఖం చూడాలి! కార్డేమో చిత్తూరులో బీరువాలో, చీరల కింద. టికెట్టు డబ్బులు గోవిందా.

కార్డులో పేరు, టికెట్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి.

ఓటర్ కార్డు కూడా లేదంటే ఆ సెలవులు ఇక్కడే గడిపేయండి. భాకరాపేట మీదుగా తలకోన వెళ్లండి, జలపాతం 270 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు సన్నగా పడతాయి, వానలు పడ్డాక వెళ్తేనే అందం. తిరిగొచ్చేటప్పుడు చంద్రగిరి కోట చూడొచ్చు, శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియానికి ఆ రోజు సెలవు.